లా చదువుతూ ఎకనామిక్స్ పీజీ: విశాఖ నుంచి నా రివ్యూ

మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ రెగ్యులర్‌గా, ఎంఏ ఎకనామిక్స్ దూరవిద్యలో. రెండూ విశాఖలోనే పూర్తిచేసి, ఇప్పుడు ఇక్కడి జిల్లా కోర్టులో ప్రాక్టీస్ చేస్తున్నాను. ఈ కాంబినేషన్ పనికొస్తుందా అని జూనియర్లు తరచూ అడుగుతుంటారు. నిజంగా పనికొస్తుంది. అయితే రెండింటినీ ముడిపెట్టే పని నేను చదివిన ఏ సిలబస్సూ చేయలేదు. అది మనమే చేసుకోవాలి.

ముందు రూల్స్ సంగతి. అమెరికాలో లా డిగ్రీనీ ఎకనామిక్స్ పీహెచ్‌డీనీ కలిపి చదివించే యూనివర్సిటీలు ఉన్నాయి. మన బార్ కౌన్సిల్ 2008 రూల్స్ మాత్రం లా చదువుతూ ఇంకో రెగ్యులర్ కోర్సులో చేరకూడదంటాయి. దూరవిద్యకు మినహాయింపు ఉంది. 2022లో యూజీసీ ఒకేసారి రెండు డిగ్రీలకు ఒప్పుకుంది కదా అని ధైర్యం చేయకండి. రేపు బార్ కౌన్సిల్‌లో లాయర్‌గా ఎన్‌రోల్‌మెంట్ దగ్గర టెన్షన్ పడేకంటే, చేరే ముందే కాలేజీలో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవడం మంచిది.

ఇక అసలు చదువు. టార్ట్స్‌లో (ఒకరి వల్ల మరొకరికి కలిగే నష్టానికి పరిహారం ఇప్పించే చట్టం) న్యూసెన్స్ పాఠం, అంటే పొగ, దుమ్ము, చప్పుడు లాంటివాటితో పక్కవాళ్లను ఇబ్బంది పెట్టడం గురించిన పాఠం నడుస్తున్నప్పుడే ఆర్థికవేత్త రోనాల్డ్ కోస్ 1960లో రాసిన వ్యాసం చదివాను. బేరమాడుకోవడానికి ఖర్చేమీ లేకపోతే, చట్టం హక్కు ఎవరికిచ్చినా చివరికి ఇద్దరూ కలిసి లాభసాటి ఏర్పాటుకే వస్తారన్నది అందులోని వాదన. వన్‌టౌన్ ఇళ్ల మీద పడే పోర్టు బొగ్గు పొడికి దాన్ని వర్తింపజేసి చూడండి. పోర్టుతో బేరమాడాలంటే వేల ఇళ్లు ఒక్క మాట మీదకు రావాలి. వాళ్లందర్నీ ఎవరు కూడగడతారు? పక్కింటివాళ్లు చూసుకుంటారులే అని ఎంతమంది ఊరుకుంటారు? బేరం కుదిరే వీలే లేనిచోట హక్కు ఎవరిదో చట్టం చెప్పి తీరాలి. ఆ వ్యాసం బలం నాకు అక్కడ అర్థమైంది. న్యూసెన్స్‌కు నిర్వచనం బట్టీపడితే ఇది దొరకదు.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖలోని ఆర్‌ఆర్ వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకు నుంచి స్టైరీన్ అనే రసాయనం ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. మర్నాడే పర్యావరణ కేసులు చూసే నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్ ఎల్జీ పాలిమర్స్‌ను 50 కోట్ల రూపాయలు డిపాజిట్ చేయమంది. కంపెనీ తప్పు ఎంత అని తేలకముందే బాధ్యత ఎలా మోపుతారని అప్పట్లో చాలామంది అడిగారు. లా పుస్తకంలో దీనికి జవాబు సుప్రీంకోర్టు 1986 నాటి ఎం.సి. మెహతా తీర్పులో చెప్పిన సంపూర్ణ బాధ్యత, అంటే తప్పు ఉన్నా లేకపోయినా నష్టభారం ప్రమాదకర పరిశ్రమదే అనే సూత్రం. అది ఎందుకు సబబో ఎకనామిక్స్ చెబుతుంది. నిద్రలో ఉన్న మనిషి ఆ ప్రమాదాన్ని తప్పించడానికి చేయగలిగిందేమీ లేదు. జాగ్రత్త పడగలిగేది ఫ్యాక్టరీ ఒక్కటే. అలాంటప్పుడు నష్టం మొత్తం దాని ఖాతాలోనే పడితే, ట్యాంకు చల్లగా ఉంచడానికయ్యే ఖర్చునూ ప్రమాదం తెచ్చే నష్టాన్నీ అదే పక్కపక్కన పెట్టి చూసుకుంటుంది.

పరిహారం సంస్థ స్తోమతకు తగ్గట్టు ఉండాలని కూడా ఆ తీర్పు చెప్పింది. జరిగిన నష్టానికి సమానంగా ఉంటే చాలన్నది ఎకనామిక్స్ పాఠాల్లో మొదట చెప్పే మాట. నేను కోర్టు వైపే ఉంటాను. నష్టపోయినవాళ్లలో కేసు దాకా రాగలిగేది కొందరే. వాళ్లకిచ్చిన దాంతోనే లెక్క ముగిస్తే మిగతావాళ్ల నష్టం ఎవరి ఖాతాలోనూ పడదు.

రోజువారీ ప్రాక్టీస్‌లో ఎక్కువగా అక్కరకొచ్చింది ఎంవీఓపీల్లో, అంటే రోడ్డు ప్రమాదాల క్లెయిముల్లో. సుప్రీంకోర్టు 2009 నాటి సరళా వర్మ తీర్పు ప్రకారం చనిపోయినవారి వయసు 15 నుంచి 25 మధ్య ఉంటే మల్టిప్లయర్ (కుటుంబం ఏటా కోల్పోయిన ఆదాయాన్ని గుణించే సంఖ్య) 18. ఇంకా ముప్పై ఏళ్లకు పైగా సంపాదించేవాడు కదా, పద్దెనిమిదేళ్లకే కట్టారేమిటని కుటుంబసభ్యులు బాధగా అడుగుతారు. ఇప్పుడే చేతికొచ్చే డబ్బు మీద వడ్డీ వస్తుందని, రేపటి రూపాయి విలువ ఇవాళ రూపాయి కంటే తక్కువని కాగితం మీద లెక్క వేసి చూపిస్తాను. పోయిన మనిషి తిరిగి రారు గానీ, ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకునే హక్కు వాళ్లకుంది.

ఎంఏ ఉందని విశాఖలో ఏ క్లయింటూ ఫీజు ఎక్కువ ఇవ్వడు. కంపెనీల మధ్య పోటీని కాపాడే కాంపిటీషన్ కమిషన్ ఢిల్లీలో ఉంది, కంపెనీల దివాలా కేసులు చూసే ఎన్‌సీఎల్‌టీ (నేషనల్ కంపెనీ లా ట్రిబ్యునల్) బెంచ్ అమరావతిది. దివాలా కేసులు, కాంపిటీషన్ లా మీద మనసున్నవాళ్లు ఊరు దాటే ఆలోచన ముందే చేసుకోవాలి.

కష్టమంతా లెక్కల్లోనే. మైక్రో, క్వాంటిటేటివ్ మెథడ్స్ పేపర్లు ఇచ్చిన మెటీరియల్ చదివితే వచ్చేవి కావు. ఇంటర్‌లో ఎంపీసీ కాని వాళ్లు చేరే ముందు వేసవిలోనే కాలిక్యులస్, మాట్రిసెస్ ఎవరి దగ్గరైనా చెప్పించుకోండి. లా సెమిస్టర్ పరీక్షలూ ఎంఏ పరీక్షలూ ఒకే నెలలో పడే అవకాశం ఎక్కువ కాబట్టి, ఎంఏ పేపర్లన్నీ ఒకేసారి కట్టకుండా రెండు విడతలుగా రాయండి.