బ్రహ్మపురంలో ‘గోడో’: రెండో అంకం దాకా కూర్చోండి

పోయిన ఆదివారం ఒడిశాలోని బ్రహ్మపురంలో ఒక యువబృందం ఒడియాలో ఆడిన ‘వెయిటింగ్ ఫర్ గోడో’ నాటకానికి నేనూ మా ఆవిడా వెళ్లాం. టికెట్టు నూరు రూపాయలు. శామ్యూల్ బెకెట్ దీన్ని ఫ్రెంచిలో రాశాడనీ, 1953లో పారిస్‌లో తొలిసారి ఆడారనీ మాత్రమే తెలుసుకుని వెళ్లాను.

ఒక ఎండిన చెట్టు, దాని కింద ఇద్దరు మనుషులు. గోడో అనే ఆయన కోసం ఎదురుచూస్తుంటారు. ఒకడు కాలికి పట్టేసిన బూటుతో పెనుగులాడతాడు, ఇంకొకడు టోపీ లోపల ఏదో వెతుకుతాడు. అరగంట గడిచేసరికి నాకు కోపం వచ్చింది. ఓపిక లేక కాదు. మా గంజాం జిల్లాలో ప్రహ్లాద నాటకాన్ని తెల్లవార్లూ కూర్చుని చూస్తాం. అక్కడ గాహకుడు పక్కనే నిలబడి పాడుతూ ఆటను నడిపిస్తాడు. హిరణ్యకశిపుడు మెట్ల వేదిక ఎందుకు ఎక్కాడో, ఎందుకు దిగాడో పిల్లలకు కూడా అర్థమవుతుంది. చివరికి నరసింహుడు వచ్చి తీరతాడు. ఇక్కడ చెప్పేవాడూ లేడు, వచ్చేవాడూ లేడు.

ఆ దారిన ఒక యజమాని తాడు కట్టి తోలుకొచ్చే బానిస లక్కీ. ఆ పాత్ర వేసిన కుర్రాడికి మాత్రం నమస్కారం పెట్టాలి. మెడకు తాడు, రెండు చేతులా బరువులు. మూలంలో టోపీ పెడితేనే అతడు ఆలోచించగలడు. వీళ్లు టోపీకి బదులు తలకు తువ్వాలు చుట్టారు. చుట్టగానే తలాతోకా లేని మాటలు ధారగా మొదలయ్యాయి. మైకు కీచుమంటున్నా, గొంతు బొంగురుపోతున్నా ఆపలేదు. తువ్వాలు లాగేయగానే కుప్పకూలాడు. నాకు అర్థమైన మాట ఒక్కటీ లేదు, అయినా ఒళ్లు జలదరించింది.

మొదటి అంకం చివర ఒక పిల్లవాడు వచ్చాడు. గోడో గారు ఈ సాయంత్రం రారట, రేపు తప్పకుండా వస్తారట. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

“మనవాడి మాటా ఇదే కదండీ,” అంది.

మేం పట్టు నేసేవాళ్లం. మా అబ్బాయి ఇంటి మగ్గం వదిలి సూరత్‌లో పవర్‌లూమ్ పనికి వెళ్లాడు. దసరాకి వస్తానన్నాడు, తర్వాత దీపావళికి అన్నాడు. ఆ తర్వాత నాకు ఆ నాటకంలో అయోమయం మిగల్లేదు.

విరామంలో సగం కుర్చీలు ఖాళీ అయ్యాయి. వెళ్లిపోయినవాళ్లు రెండో అంకంలో ఆ చెట్టుకు మొలిచిన నాలుగైదు ఆకులు చూడలేదు. మళ్లీ అదే చోటు, అదే సాయంత్రం, అదే కబురు. చీర అంచులో గుడి శిఖరం ఆకారంలోని ఒకే కుంభం నమూనాను వందలసార్లు నేసే నాకు ఆ పునరావృతి విసుగు పుట్టించలేదు. ఈసారి ఏ పోగు మారిందా అని కళ్లప్పగించి చూశాను.

లోపాలూ ఉన్నాయి. నలభై నిమిషాలు ఆలస్యంగా మొదలుపెట్టారు. వెనక వరుసలకు ఫ్యాన్ల రొద తప్ప మాట వినిపించలేదని చాలామంది అన్నారు. ఊళ్లో ఇన్ని తెలుగు కుటుంబాలు ఉన్నాయి కదా, ఒడియాతో పాటు తెలుగులోనూ అర పేజీ పరిచయం అచ్చువేసి గుమ్మంలో పంచితే ఆ కుర్చీలు ఖాళీ అయ్యేవి కావు. నాటకాన్ని మాత్రం సులువు చేయొద్దు, ఒక్క మాట కూడా తీసేయొద్దు.

వెళ్లేవాళ్లు ముందు వరుసల్లో కూర్చోండి. మా అబ్బాయి ఇంటికి వచ్చిన రోజుల్లో మళ్లీ ఆడితే ముగ్గురం వెళ్తాం.