బత్తాయి రైతుకు ఏ సెర్చ్ ఇంజిన్ పనికొస్తుంది?

2008లో మొదలైన సెర్చ్ ఇంజిన్ డక్‌డక్‌గో మనం వెతికినవాటి చరిత్రను దాచుకోకపోవడం మెచ్చదగినదే అయినా, దాని లింకులు చాలావరకు మైక్రోసాఫ్ట్ బింగ్ నుంచే వస్తాయి కనుక, సెర్చ్ ఇంజిన్ల పోటీ పైకి కనిపించినంత గట్టిది కాదు. నేను వాడే మరొక సెర్చ్ ఇంజిన్‌లో "బత్తాయి కత్తెర కాపు పిందె రాలుడు" అని (అంటే అదను కాని కాలపు కాపులో పిందెలు రాలడం గురించి) తెలుగులో కొడితే, ముందు మందుల ప్రకటనలు, ఆ వెనుక జ్యూస్ తయారీ వీడియోలు (వాటికి కొదవ లేదు) వచ్చాయి.

ప్రశ్నను తెలిసినవారి ద్వారా తగిన మనిషికి చేర్చిన సామాజిక సెర్చ్ సేవ ఆర్డ్‌వార్క్‌ను గూగుల్ 2010లో కొని, మరుసటి ఏడాదే మూసివేసింది. అయినా ఆ పద్ధతిలో దమ్ముంది. గుర్రంపోడు, కనగల్ తోటల రైతులనూ ఉద్యాన అధికారులనూ కలిపి, నల్లగొండ యాసలో మాట్లాడి అడిగే వీలున్న చిన్న సామాజిక సెర్చ్‌ను ఏ డెవలపరైనా తయారుచేస్తే, చందా కట్టడానికి నేను సిద్ధమే.