సమాధుల తోటకు నిధులు: చరిత్ర విందా, వేలంపాటా... ఏది మేలు?

ఒంగోలు, నెల్లూరు వైపు క్రైస్తవ మిషనరీల కాలం నాటి సమాధుల తోటను బాగుచేద్దామని నలుగురు కూర్చున్నారంటే మాట డబ్బు దగ్గర ఆగుతుంది. చరిత్ర ఇతివృత్తంతో టికెట్టు పెట్టి విందు చేద్దామని కుర్రాళ్లు అంటారు: పాతకాలం వేషాలు, లాంతర్లు, భోజనాలు. చర్చి కోత పండుగలో ఇళ్ల నుంచి తెచ్చినవి పాడినట్టు వేలంపాట పెడితే చాలదా అని సంఘ పెద్దలు అంటారు. నా ఓటు వేలంపాటకే. అలాగని విందును కొట్టిపారేయను.

లెక్క వేసి చూడండి. టికెట్టు 500 పెట్టి 150 మందిని రప్పించామనుకుందాం, 75,000 వస్తుంది. భోజనం ప్లేటు 250 చొప్పున 37,500 పోతుంది. కల్యాణ మండపం, మైకు, లైట్లు, వేషాల అద్దె 25,000కు తెమిలితే చేతిలో మిగిలేది 12,500. దాంతో చిల్లచెట్లు కొట్టించవచ్చు, ప్రహరీ మాత్రం లేవదు.

వేలంపాటకు పెట్టుబడే అక్కర్లేదు. మొలకొలుకుల బియ్యం, నాటుకోడి, గుమ్మడికాయ ఇళ్లలోంచే వస్తాయి. ఇద్దరు బావమరుదులు పంతానికి పోయారంటే గుమ్మడికాయ ధర కోడిని దాటేస్తుంది. చిక్కల్లా వసూలు దగ్గరే. పాడిన పాటంతా చేతికి రాదు, ‘వచ్చే ఆదివారం ఇస్తాలే’ అన్నవాళ్లు ఆ ఆదివారం కనబడరు. అక్కడికక్కడే కట్టించుకోవాలి, ఆ సొమ్మును సంఘం ఖాతాలో కలపకుండా వేరే ఖాతాలో వేయాలి.

అయితే వేలంపాటకు వచ్చేది సంఘస్థులే. ఊరందరినీ పిలవాలంటే విందుదే పైచేయి, ఎందుకంటే ఇక్కడి కథ మతంతో ఆగేది కాదు. 1866లో ఒంగోలు చేరిన అమెరికా బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర 1876-78 నాటి ధాత కరువులో బకింగ్‌హాం కాలువ పనిలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు పట్టి, ఆకలితో ఉన్న జనానికి కూలి దొరికేలా చేశారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కాలువ కథ వినడానికి బడిపిల్లలూ వస్తారు, రైతులూ వస్తారు.

కాకపోతే కరువు కథకు బిర్యానీ వడ్డించడం నాకు మింగుడుపడదు. జొన్న సంకటి, పచ్చడి పెడితే ఖర్చూ తగ్గుతుంది, కథకూ అతుకుతుంది. వేషాలైతే వద్దు. అందరూ దొర టోపీకే ఎగబడతారు, తోళ్ల వ్యాపారం చేసుకుంటూ మాదిగల్లో ముందుగా విశ్వాసంలోకి వచ్చిన యెర్రగుంట్ల పేరయ్య వేషం ఎవరూ కట్టరు.

మూడో దారి ఏడాది చందా. వాషింగ్టన్‌లో 1807 నాటి కాంగ్రెషనల్ సెమెటరీలో కుక్కలను తిప్పుకునేవాళ్ల దగ్గర ఏటా సభ్యత్వ రుసుము తీసుకుంటారు. మన దగ్గర కుక్కల మాట ఎత్తితే గొడవే! సమాధుల పండుగకు వచ్చే కుటుంబాలను ఏడాదికి ఇంత అని అడిగితే మాత్రం కాదనరు. కాపలా మనిషి జీతానికి, గడ్డి కోతకు ఇదే నమ్మకమైన డబ్బు. వేలంపాట సొమ్ము గోడకు, రాళ్ల మరమ్మతుకు సరిపెట్టుకోవాలి.

ఆ మరమ్మతు విషయంలో ఒక హెచ్చరిక. గ్రానైటు గనుల చీమకుర్తి పక్కనే ఉంది కదా అని పాత రాయి పీకేసి నల్ల గ్రానైటు పలక పెడతామనే దాత ఒకరు తప్పక తగులుతారు. దండం పెట్టి వద్దనండి. సున్నపు గారతో కట్టిన పాత కట్టడానికి సిమెంటు పూసినా చేటే, లోపలి చెమ్మ బయటికి పోలేక ఉప్పు పేరుకుని ఇటుక పొడిపొడిగా రాలుతుంది. యాసిడ్ పోసి కడిగితే పాలరాతి మీద అక్షరాలు అరిగిపోతాయి.

అమెరికాలో ఉన్న మనవాళ్లను అడిగేముందు పాస్‌పోర్టు సంగతి కనుక్కోండి. భారత పౌరులే అయితే తమ సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపవచ్చు. విదేశీ పౌరసత్వం తీసుకున్నవాళ్ల డబ్బు విదేశీ విరాళం కిందికే వస్తుంది, విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి లేకుండా తీసుకోకూడదు. విరాళాలకు ఆదాయపు పన్ను రాయితీ ఉన్న ట్రస్టుకు ఇచ్చినా 2,000 దాటి నగదు రూపంలో ఇస్తే పన్ను మినహాయింపు దక్కదు.

తేదీ కూడా ముఖ్యమే. సమాధుల పండుగ నవంబరు 2న, మనకు వానలూ తుపాన్లూ ముంచెత్తే రోజుల్లో వస్తుంది. చందా పుస్తకం ఆ రోజే తెరవండి. వేలంపాటను, సంకటి విందును కలిపి సంక్రాంతి వారంలో పెడితే పొరుగూళ్లలో స్థిరపడినవాళ్లూ ఇంటి దగ్గరే దొరుకుతారు.