పాత ఊద్ సీసానా, కొత్త ఊద్ నూనెనా: ఏది మేలు?

ఊద్ అంటే అగరు చెట్టు కలపని బట్టీలో మరిగించి తీసే సుగంధ నూనె. ఒక పక్క ముప్ఫై, నలభై ఏళ్ల కిందట తీసిన నూనె అని చెప్తున్న చిన్న సీసా, ఇంకో పక్క పోయినేడాది బట్టీ దిగిన ఊద్. పాతదానికి అడిగే డబ్బుతో కొత్తది ఎన్నో రెట్లు ఎక్కువ వస్తుంది. అయినా సేకరించే పిచ్చి పట్టినవాళ్లు చాలామంది పాతదానివైపే చెయ్యి చాపుతారు. పాత సీసా మోజు నాకూ ఉంది కానీ, డబ్బు తీసేముందు ఒక్కటి తేల్చుకోవాలంటాను: మనం కడుతున్నది వయసుకా, చెట్టుకా?

రెండూ ఒకటి కాదు. అగరు చెట్టు ఆరోగ్యంగా ఉన్నంతకాలం దాని కలప తెల్లగా, తేలిగ్గా ఉంటుంది, చెప్పుకోదగ్గ వాసనే ఉండదు. దెబ్బ తగిలో, పురుగు తొలిచో, బూజు పట్టో గాయమైతే ఆ చోట చెట్టు తనను తాను కాపాడుకోడానికి నల్లటి జిగురు పోసుకుంటుంది, మనకు కావాల్సింది అదే. అడవిలో ముసలి చెట్టులో దశాబ్దాలపాటు మెల్లగా పేరుకున్న జిగురు ఒక రకం, తోటలో చెట్టుకి రంధ్రాలు వేసి మందు ఎక్కించి కొద్ది ఏళ్లలో రప్పించిన జిగురు ఇంకో రకం. పాతకాలం నూనెల్లో ఎక్కువ భాగం మొదటి రకం కలపవే. ఆ చెట్లని ఎంతలా నరికేశారంటే, అక్విలేరియా మలాక్సెన్సిస్ అనే అగరు రకాన్ని 1995లో సైటీస్ (అంతరించే ప్రమాదమున్న జీవజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) రెండో అనుబంధంలో చేర్చాల్సి వచ్చింది, 2005 నుంచి అగరు ఇచ్చే అక్విలేరియా, గైరినాప్స్ చెట్ల రకాలన్నీ ఆ నియంత్రణ కిందికి వచ్చాయి. అంటే అలాంటి చెట్టు మళ్లీ దొరకడం కష్టం. పాత సీసాలో నిజంగా అరుదైనది ఏదైనా ఉంటే అది ఇదే.

వయసు సంగతి వేరు, దాన్ని మన అల్మారాలో మనమే తెచ్చుకోవచ్చు.

అస్సాం బట్టీల తరహా, వ్యాపారులు 'హిందీ' అని పిలిచే నూనెనే తీసుకోండి. కలపని చిన్నచిన్న ముక్కలుగా, పొడిగా చేసి నీళ్లలో రోజుల తరబడి, ఒక్కోసారి వారాలు నానబెట్టి ఆ తర్వాత బట్టీకి ఎక్కిస్తారు. ఆ నానడంలో పులిసిన వాసన నూనెలోకి దిగుతుంది. కొత్త సీసా తెరిచి గాజుపుల్లతో మణికట్టు మీద ఒక్క గీత గీస్తే ముందు కొట్టేది పశువుల కొట్టం, పచ్చి తోలు, కాస్త పుల్లటి ఘాటు, పక్కనున్నవాళ్లు ముఖం తిప్పుకుంటారు. అదే నూనె కొన్నేళ్లు సీసాలో కూర్చుంటే తేలిగ్గా ఆవిరయ్యేవి కొంత పోయి, కొన్ని గాలి తగిలి మారి, ఆ మొదటి దాడి నెమ్మదిస్తుంది. కొత్తదానిలో చాలాసేపు ఓపిక పట్టాక బయటపడే తోలు, పొగ, ఎండు కలప తీపి పాతదానిలో చర్మానికి తాకిన కాసేపటికే వచ్చేస్తాయి. ముసలి ఊద్ మెత్తదనం అని మనం మురిసిపోయేదాంట్లో సగం ఇదే.

కానీ చెత్త కలపతో తీసిన నూనెని నలభై ఏళ్లు దాచినా అది నలభై ఏళ్ల చెత్తే అవుతుంది, ఘాటు తగ్గుతుందేమో గానీ లేని లోతు రాదు. ఈ ముక్క ఎవరూ చెప్పరు, 'వింటేజ్' అన్న మాట వినపడగానే అందరికీ ముక్కు పనిచేయడం మానేస్తుంది.

కంబోడియా తరహా నూనెల్లో ఈ వయసు లాభం ఇంకా తక్కువ. వాటి పళ్ల తీపి, చురుకుదనం కొత్తగా ఉన్నప్పుడే నాకు బాగుంటాయి. బోర్నియో నూనెలూ అంతే, గాలిలో తేలుతున్నట్టుండే ఆ చల్లదనం కోసం దశాబ్దాలు ఆగక్కర్లేదు.

ఇక మోసం. నల్లగా, చిక్కగా ఉంది కాబట్టి పాతదే అనుకోవద్దు. కలపని బట్టి, బట్టీ పాత్ర లోహాన్ని బట్టి కొత్త నూనె కూడా నల్లగా రావచ్చు, చలికి ఏ నూనైనా చిక్కబడుతుంది. ల్యాబ్‌లో గ్యాస్ క్రొమటోగ్రఫీ, అంటే నూనెలో ఏమేం ఉన్నాయో విడదీసి చూపే పరీక్ష, చేయిస్తే డై-ఆక్టైల్ థాలేట్ లాంటి రసాయనాల కల్తీ బయటపడుతుంది గానీ ఆ సీసాకి మూత ఏ ఏడాది వేశారో అది చెప్పదు. కాబట్టి వయసుకి సాక్ష్యం అమ్మేవాడి మాట, అది ఎవరి చేతుల మీదుగా వచ్చిందన్న చరిత్ర, అంతే. చీటీ మీద ఏడాది ఎవరైనా రాయొచ్చు. పైగా సగం ఖాళీ అయిన సీసా అయితే లోపల గాలి ఎంతకాలం ఆడిందో, ఎండలో ఎన్నాళ్లుందో ఎవరికెరుక.

అందుకే నా ఓటు చాలామంది విషయంలో మూడో దారికి: కలప ఎక్కడిదో, అడవిదా తోటదా, ఎన్నాళ్లు నానబెట్టారో తడబడకుండా చెప్పగల బట్టీవాడి దగ్గర కొత్త నూనె తీసుకోండి. అదే నూనెని రెండు చిన్న సీసాల్లో తీసుకుంటే ఇంకా మంచిది. ఒకటి వాడుకోవడానికి, రెండోది మెడదాకా నింపి, గట్టిగా బిగించి, వెలుతురు వేడి తగలని మూలలో పడేయడానికి. ఏడాదికోసారి రెండు మణికట్లకీ చెరొకటి రాసి చూస్తే వయసు ఏం చేస్తుందో మీ ముక్కుకే తెలుస్తుంది, ఎవడి కథలూ వినక్కర్లేదు.

పాత సీసా ఎవరికి మేలంటే, ఇప్పటికే రకరకాల నూనెలు రాసి చూసి, అడవి కలప లోతు ఎలా ఉంటుందో పోల్చుకోగలవాళ్లకి. వాళ్లు కూడా ఒక్కసారే తులం, అంటే సుమారు 11.66 గ్రాములు, కొనేయకుండా ముందు పావు గ్రాము శాంపిల్ అడగాలి. రాసి, పొద్దుటి నుంచి రాత్రిదాకా వదిలేసి, చివరి గంటల్లో ఏం మిగిలిందో చూడాలి. శాంపిల్ ఇవ్వను, మొత్తం సీసానే కొనాలి అంటే మాత్రం, ఎంత పాతదైనా సరే, నేను ఆ బేరంలో ఉండను.