టోనీ అంచనాలకు దేన్ని నమ్మాలి: నామినేషన్ల లెక్కనా, డ్రామా డెస్క్‌నా, టూర్ ఓట్లనా?

న్యూయార్క్‌లోని బ్రాడ్‌వే నాటకాలకిచ్చే టోనీ అవార్డుల నామినేషన్లు ఏప్రిల్ చివర్లోనో మే మొదట్లోనో వస్తాయి. అవార్డులు జూన్‌లో ఇస్తారు. ఈ మధ్యలో దొరికే ఐదారు వారాలూ నాటకాల పిచ్చి ఉన్నవాళ్ళకి పండగే. న్యూజెర్సీలో మా తెలుగువాళ్ళ బృందంలోనూ ఎవరికి వారు ఒక కాగితం మీద అన్ని విభాగాల విజేతలనూ రాసి పెట్టుకుంటాం. ఒకరు నామినేషన్ల సంఖ్య చూసి రాస్తారు, ఒకరు ముందుగా వచ్చే చిన్న అవార్డులు చూసి, ఇంకొకరు ఓటర్ల లాభనష్టాలు లెక్కగట్టి. ఎవరి పద్ధతి సరైనదన్న వాదన మాత్రం ఏటా తెగకుండానే మిగిలిపోతుంది. అందుకే 2013 నుంచి 2025 దాకా జరిగిన పన్నెండు వేడుకలనూ తీసుకుని ఉత్తమ మ్యూజికల్ (పాటలతో నడిచే నాటకం) విభాగంలో ఒక్కో పద్ధతినీ సరిచూశాను. (2020లో వేడుక లేదు. ఆ సీజన్ అవార్డులు 2021 సెప్టెంబరులో ఇచ్చారు.)

ముందుగా ఒక సంగతి. నామినేట్ చేసేవాళ్ళు వేరు, గెలిపించేవాళ్ళు వేరు. నామినేషన్లు వేసేది ఓ యాభై అరవై మంది ఉండే సంఘం. ఆ సీజన్‌లో వచ్చిన ప్రతి ప్రదర్శననూ వాళ్ళు చూసి తీరాలి. విజేతను తేల్చేది మాత్రం ఎనిమిది వందలకు పైగా ఉన్న ఓటర్లు: నిర్మాతలు, నటులు, దర్శకులు, రచయితలు, డిజైనర్లు, ఇతర ఊళ్ళకి ప్రదర్శనలు రప్పించుకునే థియేటర్ల యజమానులు. మన పరిషత్తు పోటీల్లో ముగ్గురో నలుగురో న్యాయనిర్ణేతలు ముందు వరసలో కూర్చుని అన్ని నాటకాలూ చూసి, వాళ్ళే చర్చించుకుని తీర్పు చెబుతారు కాబట్టి వాళ్ళ అభిరుచి తెలిస్తే సగం అంచనా వేయొచ్చు. టోనీలో అది కుదరదు. ఒక్క సూత్రంతో నామినీలనూ విజేతలనూ కలిపి పట్టాలనుకునేవాళ్ళు దెబ్బతినేది ఇక్కడే.

నామినీల విషయానికొస్తే, టికెట్ల అమ్మకాన్నీ తారల పేర్లనూ పక్కన పెట్టేయడం మంచిది. 2025లో డెంజెల్ వాషింగ్టన్, జేక్ జిలెన్‌హాల్ నటించిన ఒథెల్లోకి ఒక్కో మంచి టికెట్టు 921 డాలర్లు పలికింది. దానికి వచ్చిన నామినేషన్లు సున్నా. అదే సీజన్‌లో జార్జ్ క్లూనీ నాటకం వారం వసూళ్ళలో రికార్డులు బద్దలు కొట్టినా, ఆయనకు నటుడిగా నామినేషన్ వచ్చింది కానీ ఆ నాటకం ఉత్తమ నాటకం జాబితాలోకి ఎక్కలేదు. మరోపక్క మేబీ హ్యాపీ ఎండింగ్ మొదట్లో సీట్లు నిండక అవస్థపడి, పది నామినేషన్లు తెచ్చుకుని ఆరు అవార్డులు గెలిచింది. అన్నీ చూసి తీరాల్సిన సంఘానికి హాలు ఖాళీగా ఉందా నిండిందా అన్నది పెద్ద విషయం కాదు. నామినీల అంచనాకి నేను మొదట చూసేవి సమీక్షలు, ఆ తర్వాత టోనీ కన్నా కొన్ని రోజుల ముందే వచ్చే అవుటర్ క్రిటిక్స్ సర్కిల్ అనే విమర్శకుల సంఘం నామినేషన్లు. అంతకు మించి బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు.

విజేతలే కష్టం. అందరూ వాడే సూత్రం నామినేషన్ల లెక్క: ఎవరికి ఎక్కువ వస్తే వాళ్ళదే ఉత్తమ మ్యూజికల్ అని. హామిల్టన్ 16 నామినేషన్లతో వచ్చి 11 గెలిచిన 2016 వేడుక చూసినవాళ్ళ మనసులో ఇది గట్టిగా నాటుకుపోయింది. కింకీ బూట్స్ (2013), ఎ జెంటిల్‌మన్స్ గైడ్ (2014), హేడిస్‌టౌన్ (2019), ఎ స్ట్రేంజ్ లూప్ (2022) కూడా ఈ లెక్కకి సరిపోతాయి. మొత్తం ఐదు. ఇక తప్పినవి చూడండి. 2017లో ది గ్రేట్ కామెట్‌కి 12 వస్తే తొమ్మిదే వచ్చిన డియర్ ఇవాన్ హాన్సెన్ గెలిచింది. 2018లో మీన్ గర్ల్స్‌కీ స్పాంజ్‌బాబ్‌కీ చెరో 12, గెలిచింది 11 ఉన్న ది బ్యాండ్స్ విజిట్. 2021లో 15 ఉన్న జాగ్డ్ లిటిల్ పిల్ మీద 14 ఉన్న మూలాన్ రూజ్. 2023లో 13 ఉన్న సమ్ లైక్ ఇట్ హాట్ మీద ఎనిమిదే ఉన్న కింబర్లీ అకింబో. 2024లో 13 ఉన్న హెల్స్ కిచెన్ మీద 12 ఉన్న ది అవుట్‌సైడర్స్. ఇవీ ఐదే. మిగిలిన రెండేళ్ళు, 2015లోనూ 2025లోనూ, మొదటి స్థానం కోసం ఒకటి కన్నా ఎక్కువ మ్యూజికల్స్ సమానంగా నిలిచాయి. నాణెం ఎగరేసినా ఇదే ఫలితం వస్తుంది. భారీ సెట్లు, దుస్తులు, డాన్సులు ఉన్న ప్రదర్శనకి సాంకేతిక విభాగాల్లో నామినేషన్లు సహజంగానే పోగవుతాయి. వాటి కూడిక జనం మనసు చెప్పదు. నాటకాల్లో ఇంకా ఘోరం: స్లేవ్ ప్లే 12 నామినేషన్లతో అప్పటికి రికార్డు సృష్టించి, ఒక్కటీ గెలవకుండా ఇంటికెళ్ళింది.

రెండో పద్ధతి డ్రామా డెస్క్ అవార్డులు. టోనీకి కొద్ది రోజుల ముందే వస్తాయి, న్యూయార్క్ విమర్శకులూ నాటకరంగ విలేకరులూ ఇస్తారు, కాబట్టి గాలి ఎటు వీస్తోందో ఇవి చెబుతాయని నమ్మకం. లెక్క తీస్తే నాకే ఆశ్చర్యమేసింది. పన్నెండేళ్ళలో రెండు చోట్లా ఒకే మ్యూజికల్ గెలిచింది రెండుసార్లే: 2014లో, 2025లో. 2016లో హామిల్టన్ టోనీ గెలిచిన ఏడాది డ్రామా డెస్క్ షఫుల్ అలాంగ్‌కి వెళ్ళింది. దానికి టోనీలో పది నామినేషన్లు, ఒక్క అవార్డూ లేదు. 2017లో కమ్ ఫ్రమ్ అవే, 2018లో స్పాంజ్‌బాబ్, 2019లో ది ప్రామ్, 2023లో సమ్ లైక్ ఇట్ హాట్... వరసగా గురి తప్పింది.

ఇది చూసి విమర్శకులకీ ఓటర్లకీ పడదని తీర్మానించేవాళ్ళున్నారు. అసలు కారణం అది కాదు. ఐదు వందల సీట్లకు పైగా ఉన్న నలభై ఒక్క థియేటర్లే బ్రాడ్‌వే కిందకి వస్తాయి, టోనీ వాటికే. డ్రామా డెస్క్ అంతకన్నా చిన్న ఆఫ్-బ్రాడ్‌వే హాళ్ళనీ కలుపుకుంటుంది. ఒక ప్రదర్శన చిన్న హాల్లో ఆడినప్పుడే వాళ్ళ లెక్కలోకి వచ్చేస్తే, ఏడాదో రెండేళ్ళో ఆగి బ్రాడ్‌వేకి వచ్చినప్పుడు దాన్ని మళ్ళీ ఉత్తమ మ్యూజికల్‌కి పరిగణించరు. ఇప్పుడు ఆ పన్నెండు మంది టోనీ విజేతలు ఎక్కడి నుంచి వచ్చారో చూడండి. ఫన్ హోమ్, హామిల్టన్ పబ్లిక్ థియేటర్ నుంచి. ది బ్యాండ్స్ విజిట్, కింబర్లీ అకింబో అట్లాంటిక్ థియేటర్ నుంచి. డియర్ ఇవాన్ హాన్సెన్ సెకండ్ స్టేజ్ నుంచి, హేడిస్‌టౌన్ న్యూయార్క్ థియేటర్ వర్క్‌షాప్ నుంచి, ఎ స్ట్రేంజ్ లూప్ ప్లేరైట్స్ హొరైజన్స్ నుంచి. ఏడు! అంటే ఆ ఏడేళ్ళలోనూ ఆ ఏటి డ్రామా డెస్క్ పోటీలో టోనీ విజేత లేనే లేదు.

కాబట్టి డ్రామా డెస్క్‌ని పారేయక్కర్లేదు, పాత జాబితా తీసి చదవాలి. హామిల్టన్ 2015లోనే గెలుచుకుంది, మరుసటేడు టోనీ వచ్చింది. ఎ స్ట్రేంజ్ లూప్‌కి 2020లో డ్రామా డెస్క్, 2022లో టోనీ. కింబర్లీ అకింబోకి 2022లో అది, 2023లో ఇది. ఈ ఏటి విజేతని ఈ ఏటి జాబితాలో వెతకడం మానేసి రెండేళ్ళు వెనక్కి వెళ్ళేవాళ్ళకే ఈ అవార్డు ఉపయోగం. అలాగని కళ్ళు మూసుకుని నమ్మకూడదు. 2024లో డ్రామా డెస్క్ గెలిచిన డెడ్ అవుట్‌లా 2025లో బ్రాడ్‌వేకి వచ్చి, ఏడు నామినేషన్లలో ఒక్కటీ గెలవలేకపోయింది. 2024, 2025 విజేతలు ది అవుట్‌సైడర్స్, మేబీ హ్యాపీ ఎండింగ్ కూడా ఆఫ్-బ్రాడ్‌వే దారిలో వచ్చినవి కావు.

మూడోది టూర్ ఓట్ల వాదం. ఓటర్లలో ఇతర నగరాల థియేటర్లవాళ్ళు ఉన్నారు కాబట్టి, తమ ఊళ్ళో బాగా ఆడే మ్యూజికల్‌కే ఓటేస్తారని. దీనికి ప్రాణం పోసింది 2013. విమర్శకులు నెత్తిన పెట్టుకున్న మటిల్డాని కాదని కింకీ బూట్స్‌కి అవార్డు వెళ్ళింది. టూర్లకి పనికొచ్చే ఉత్సాహమైన మ్యూజికల్ కాబట్టే గెలిచిందన్నారు. వినడానికి బాగుంటుంది. మరి 2015లో టూర్లకి అన్ని విధాలా అనువైన యాన్ అమెరికన్ ఇన్ పారిస్‌ని కాదని, తండ్రి ఆత్మహత్యని తలచుకునే కూతురి కథ ఫన్ హోమ్‌ని ఎందుకు గెలిపించారు? ఎడారి ఊళ్ళో చిక్కుకున్న బ్యాండువాళ్ళ నెమ్మది కథ ది బ్యాండ్స్ విజిట్‌కి పది అవార్డులెందుకిచ్చారు?

ఈ వాదాన్ని కుదిపేసిన సంఘటన ఇంకా పాతది. 2004లో వికెడ్ పది నామినేషన్లతో, డ్రామా డెస్క్, అవుటర్ క్రిటిక్స్ రెండూ చేతిలో పెట్టుకుని వచ్చింది. ఎదురుగా ఆరు నామినేషన్ల అవెన్యూ క్యూ, తోలుబొమ్మల్లాంటి పప్పెట్లతో ఆడిన చిన్న మ్యూజికల్. అది మనసు చెప్పినట్టు ఓటేయమని ప్రచారం చేసుకుంది, ఉత్తమ మ్యూజికల్, బుక్ (కథ, సంభాషణలు), సంగీతం మూడూ పట్టుకుపోయింది. ఆ వెంటనే నిర్మాతలు టూర్ మానేసి లాస్ వెగాస్ హోటల్లో ప్రదర్శన పెడతామన్నారు. టూర్ ఆశతో ఓటేసిన థియేటర్లవాళ్ళు మండిపడ్డారు. లాభం చూసే ఓటేసినా లాభం దక్కలేదన్నమాట. అవెన్యూ క్యూ కూడా ఆఫ్-బ్రాడ్‌వేలోని వైన్‌యార్డ్ థియేటర్ నుంచే వచ్చిందన్న సంగతి ఆ రోజు ఎవరైనా పట్టించుకుని ఉంటే అంత షాక్ తిని ఉండేవారు కాదు. నన్ను అడిగితే, ఈ మూడింటికన్నా మ్యూజికల్ పుట్టిల్లు, అంటే అది మొదట ఏ థియేటర్లో ఆడిందో చూడటమే మేలు. టూర్ లెక్క ఇద్దరు సమానంగా నిలిచినప్పుడు మాత్రమే తీయాలి.

నాటకాలకి ఈ గొడవంతా అక్కర్లేదు, లండన్ వైపు చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. అక్కడి నాటకాలకిచ్చే ఆలివియర్ అవార్డుల్లో ఉత్తమ కొత్త నాటకంగా గెలిచిన ది క్యూరియస్ ఇన్సిడెంట్, హ్యారీ పాటర్, ది ఫెర్రీమ్యాన్, ది ఇన్హెరిటెన్స్, లియోపోల్డ్‌స్టాట్ ఐదూ బ్రాడ్‌వేకి వచ్చి టోనీ కూడా గెలిచాయి. కింగ్ చార్ల్స్ త్రీ, హ్యాంగ్‌మెన్ మాత్రం నామినేషన్‌తోనే ఆగాయి. ఆలివియర్ విజేత ఏదీ రాని ఏడాది పులిట్జర్ నాటక బహుమతి జాబితా చూడొచ్చు. 2025లో పర్పస్ రెండూ గెలుచుకుంది.

నటుల విభాగాలే నాకు ఇప్పటికీ కొరుకుడుపడవు. 2023 నుంచి డ్రామా డెస్క్, అవుటర్ క్రిటిక్స్ రెండూ నటులనీ నటీమణులనీ కలిపి ఒకే విభాగంగా చేశాయి. దాంతో టోనీతో పోల్చడమే కష్టమైపోయింది. 2025లో డ్రామా డెస్క్ ఆడ్రా మెక్‌డొనాల్డ్‌కీ జాస్మిన్ ఎమీ రోజర్స్‌కీ ఇస్తే, టోనీ నికోల్ షెర్జింగర్‌కి వెళ్ళింది. ఆమె సన్‌సెట్ బులెవార్డ్‌కే లండన్‌లో అప్పటికే ఆలివియర్ అందుకుంది. ఇక్కడా లండనే ముందు చెప్పింది.

వేడుక రాత్రి కాగితం దిద్దుకోవడానికి ఒప్పుకునే బృందమైతే, బుక్ అవార్డు ఎవరికొస్తుందో చూసి దిద్దండి. ఇది మ్యూజికల్‌కి కథ, సంభాషణలు రాసినవారికిచ్చేది, చివరి పెద్ద అవార్డు కన్నా ముందే ఇచ్చేస్తారు. పన్నెండేళ్ళలో ఎనిమిదిసార్లు అదీ ఉత్తమ మ్యూజికలూ ఒకే చోటికి వెళ్ళాయి. తప్పిన నాలుగేళ్ళూ 2013, 2019, 2021, 2024.