హన్మకొండ పెళ్లి లైవ్ టీమ్: క్రేన్, డ్రోన్ కంటే టైమింగ్ బాగా చూసుకున్నారు

మా చెల్లె పెళ్లికి హంటర్ రోడ్డులోని ఫంక్షన్ హాల్‌లో లైవ్ పెట్టిన టీమ్ గురించి రాస్తున్నా. ఫిర్యాదులు కూడా ఉన్నాయి కాబట్టి పేరు రాయట్లేదు.

బుక్ చేసేటప్పుడు అందరం క్రేన్ ఉందా, డ్రోన్ ఉందా అనే అడుగుతాం. వీళ్లలో నాకు నచ్చింది వేరే. ముందురోజే హాల్‌కి వచ్చి లైట్లన్నీ వేయించి, కెమెరాలన్నిటినీ డ్రోన్‌తో సహా సెకనుకు 25 ఫ్రేములు (బొమ్మలు), షట్టర్ 1/50కి (ఒక్కో ఫ్రేములో వెలుగు పడే సమయం, సెకనులో 50వ వంతు) పెట్టారు. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే డెకరేషన్ వాళ్లు కట్టే చవక లైట్లు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి, అది మన కంటికి తెలియదు గానీ 30 ఫ్రేములు, 1/60 పెట్టిన కెమెరాకి తెలుస్తుంది, ఒక్కో ఫ్రేములో వెలుగు ఒక్కోలా పడి నల్ల పట్టీలు పాకుతుంటాయి. మన టీవీ 25 ఫ్రేముల మీద, 60 హెర్ట్జ్ కరెంటున్న అమెరికా టీవీ 30 మీద నడవడానికి కూడా మొదట కారణం ఈ కరెంటే (1953లో కలర్ కోసం వాళ్లది 29.97 అయింది).

అన్నీ 25కి పెట్టినా పని అయిపోదు, ఒక్కో కెమెరా ఫ్రేమును ఒక్కో క్షణంలో మొదలుపెడుతుంది. టీవీ స్టూడియోల్లో అన్నిటికీ ఒకే సింక్ సిగ్నల్ ఇస్తారు, జెన్‌లాక్ అంటారు. పెళ్లి కెమెరాలకు మామూలుగా ఆ సదుపాయం ఉండదు, అందుకే మిక్సరే (అన్ని కెమెరాల వీడియో వచ్చి చేరే యంత్రం) ప్రతి ఫ్రేమును ఆపి పట్టుకుని దాని వంతు వచ్చాక వదులుతుంది. అక్కడ ఒక ఫ్రేము దాకా, అంటే 40 మిల్లీసెకన్లు పోతుంది, క్రేన్ కెమెరా వైర్‌లెస్ అయితే ఇంకొంచెం. అయ్యగారి మైకు మాత్రం వైరులో నేరుగా వచ్చేస్తుంది, దాంతో మంత్రం ముందు, పెదాలు తర్వాత! మాట కాస్త వెనకబడితే ఓర్చుకుంటాం, ముందొస్తే మాత్రం వెంటనే ఎబ్బెట్టుగా ఉంటుంది. యూరప్ ప్రసార సంస్థల ప్రమాణంలో కూడా మాట 40 మిల్లీసెకన్లకు మించి ముందు, 60కి మించి వెనక ఉండకూడదు. మిక్సింగ్‌లో కూర్చున్న తమ్ముడు మైకు ముందు చప్పట్లు కొట్టించి, రికార్డు చేసి, ఫ్రేము ఫ్రేముగా చూసుకుని ఆడియోని ఆ మేరకు ఆలస్యం చేశాడు. డల్లాస్‌లో ఉన్న మేనత్త వాళ్లకు లైవ్ కొన్ని సెకన్లు లేటుగానే వెళ్లింది, అది వేరే సంగతి, కానీ జీలకర్రబెల్లం దగ్గర మంత్రం, సన్నాయి, చేతులు అన్నీ కలిసే ఉన్నాయి.

ఇక నచ్చనివి. స్టేజీ వెనక ఎల్‌ఈడీ వాల్ రిఫ్రెష్ (తెర మీద బొమ్మ సెకనుకు ఎన్నిసార్లు మళ్లీ వెలుగుతుందో ఆ లెక్క) కెమెరా షట్టర్‌తో కుదరక గీతలు పడ్డాయి, అడిగితే ఎల్‌ఈడీ వాళ్ల మీదికి తోసేశారు. బరాత్‌లో ఒకాయన ఫోన్‌లో 30 ఫ్రేముల్లో తీసింది అలాగే 25లో కలిపేశారు, ప్రతి ఆరు ఫ్రేముల్లో ఒకటి ఎగిరిపోయి మా బాపు డ్యాన్స్ గుంతల రోడ్డు మీద ఆటోలా కుదుపులే. ఇది నాకు నిజంగా బాధేసింది, బాపు మళ్లీ అలా ఆడడు. తలంబ్రాలకు మాత్రం ఒక కెమెరాలో 50 ఫ్రేములు తీసి 25లో వేశారు, సగం వేగంలో గింజ గింజా కనిపిస్తుంది.

ఐదుకి నాలుగు ఇస్తా. అడ్వాన్స్ ఇచ్చే ముందు, ఫోన్‌తో తీసేవి కూడా 25లోనే తీస్తారా, ఎల్‌ఈడీ వాల్‌ను కెమెరాలో చూసి సెట్ చేసే బాధ్యత ఎవరిది అని అడిగి రాయించుకోండి.