పెద్ద సంఖ్యల గుట్టు విప్పే పారి/జీపీ: ఎంతవరకు నమ్మవచ్చు?

ఇరవై, ముప్పై అంకెల సంఖ్య ఒకటి ఉంది. అది ప్రధాన సంఖ్యేనా, కాకపోతే కారణాంకాలేమిటి, భాజకాలెన్ని? ఈ పనికి ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్లలో నా ఓటు పారి/జీపీకే. ఫ్రాన్స్‌లోని బోర్డో విశ్వవిద్యాలయంలో పుట్టింది. బటన్లేమీ ఉండవు, ఆజ్ఞ టైపు చేసి ఎంటర్ కొట్టడమే.

పరీక్షకు 2^67−1 మంచి సంఖ్య. గణితవేత్త మెర్సెన్ 1644లో దీన్ని ప్రధాన సంఖ్యల జాబితాలో చేర్చాడు. కాదని 1876లో మరో గణితవేత్త లూకా తేల్చినా, కారణాంకాలు 1903లో కోల్ అనే గణితవేత్త చూపించేదాకా బయటపడలేదు. ఫ్యాక్టర్(2^67-1) అని కొడితే కన్ను మూసి తెరిచేలోగా 193707721, 761838257287 వచ్చేస్తాయి. సమ్‌డిజిట్స్ అనే ఆజ్ఞ అంకెల మొత్తం 109 అంటుంది, సిగ్మా అనే ఆజ్ఞ భాజకాల మొత్తం 147573953351708377936 అని చెబుతుంది.

తప్పులు ఎక్కువగా జరిగేది సంఖ్యను ఎక్కించే దగ్గరే. ఎక్సెల్ 15 అంకెలే నిలుపుకుంటుంది. 2^67−1 విలువను అందులోంచి కాపీ చేస్తే 147573952589676000000 అవుతుంది. బేసి సంఖ్య కాస్తా పదిలక్షతో భాగింపబడే సంఖ్యగా మారిపోతుంది, ఇక ఫలితాలన్నీ వేరే సంఖ్యవే. 1e20 అని రాసినా ప్రమాదమే, అది పూర్ణాంకం కాదు, దశాంశ సంఖ్య. 10^20 అనే రాయాలి. వర్గమా కాదా అన్నదానికి స్క్వేర్‌రూట్ మీద ఆధారపడొద్దు. మామూలుగా అది 38 అంకెల వరకే లెక్కిస్తుంది, ఆపైన తేడా కనబడదు. ఈజ్‌స్క్వేర్ వాడండి.

సంఖ్య ప్రధానమా అని అడిగే ఈజ్‌ప్రైమ్ ఆజ్ఞ అవునంటే అది నిరూపణే. ఈజ్‌సూడోప్రైమ్ మాత్రం బీపీఎస్‌డబ్ల్యూ అనే పరీక్ష, ప్రధానమై ఉండొచ్చనే చెబుతుంది. చాలా వేగం, 2^64 లోపు పొరపాటు రాదని సరిచూసేశారు, ఆపైన నిరూపణ లేదు. ఫ్యాక్టర్ ఇచ్చే పెద్ద కారణాంకాలూ మామూలుగా ఈ పరీక్ష నెగ్గినవే. నిరూపణే కావాలంటే ఫ్యాక్టర్_ప్రూవెన్ అనే సెట్టింగును 1 చేయాలి. ఈ సంగతి కొత్తవాళ్ల కంటబడేలా పెట్టకపోవడం నాకు నచ్చలేదు.

అసలు భారమంతా కారణాంకాలు తీయడంలోనే. వంద అంకెల సంఖ్య ప్రధానమో కాదో చిటికెలో తేలుతుంది. అదే రెండు యాభై అంకెల ప్రధాన సంఖ్యల లబ్ధమైతే విడగొట్టడానికి గంటలు పడుతుంది. భాజకాల సంఖ్య, సిగ్మా, ఆయిలర్ ఫై (ఆ సంఖ్యతో 1 తప్ప ఉమ్మడి భాజకం లేని చిన్న సంఖ్యల లెక్క) మూడింటికీ ఆ కారణాంకాలే పునాది. అందుకే ఎఫ్ = ఫ్యాక్టర్(ఎన్) అని ఒక్కసారి తీసి, ఆ ఎఫ్‌నే మూడింటికీ ఇవ్వండి. లేకపోతే ప్రతిసారీ మొదటికొస్తుంది.

తొందరగా చూడాలంటే ఫ్యాక్టర్(ఎన్, 10^6) చిన్న కారణాంకాలనే వెతికి ఆగుతుంది. చివర మిగిలినది ప్రధానమనుకోవద్దు, దాన్ని విడిగా ఈజ్‌ప్రైమ్‌కి ఇవ్వాలి. స్టాక్ (లెక్కలకు కేటాయించిన మెమరీ) నిండిపోయిందని మధ్యలో ఆగిపోతే దాని గరిష్ఠ పరిమితి అయిన పారిసైజ్‌మ్యాక్స్‌ను 10^9కి పెంచి మళ్లీ నడపండి.